చీపురమ్మ డాబా మీద గాలి

కొండవీధి చీపురమ్మ ఇంట్లో ఈగ వాలాలన్నా కాళ్ళు కడుక్కుని వాలాలి. ఈ మాట అన్నది గిట్టనివాళ్ళు కాదు, కట్టుకున్న మొగుడే. అదైనా గుమ్మం అవతల నిలబడి అన్నాడు. గుమ్మం ఇవతల ఆయనకు అంత ధైర్యం ఎక్కడిది?

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆమెకూ ఒకటి ఉండే ఉంటుంది. రేవు ఆఫీసులో ఊడ్చే పనికి చేరిన రోజే అది కాస్తా చీపురు కింద పడి ఊడ్చుకుపోయింది. ఎగతాళికి పెట్టిన పేరును ఆమె కిరీటంలా పెట్టుకు తిరిగింది. "అవును, చీపురమ్మనే. నేనొచ్చాకే కదా మీ ఆఫీసు నేల ఏ రంగో మీకు తెలిసింది!" అని పెద్ద గుమాస్తా మొహం మీదే అంది. అబద్ధమేమీ కాదు. అంతకుముందు అందరూ అది నల్లరాతి నేల అనుకునేవారు. ఈవిడ చేయి పడ్డాక తెల్లరాయని తేలింది. పై అధికారులు పడవ దిగి తనిఖీకి వస్తే గుమ్మం దగ్గరే బూట్లు విప్పించేది. విప్పనని బిగుసుకున్న ఒకాయన్ని అక్కడే నిలబెట్టి, కాగితాలన్నీ అక్కడికే తెప్పించి, గోడకు ఆనించి సంతకాలు పెట్టించింది.

ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆ ప్రతాపమంతా సొంత ఇంటి మీద పడింది. తెల్లారగానే ఇల్లూ వాకిలీ డాబా పొడి చీపురుతో టపటపా ఊడ్చేది. తర్వాత పరుపులు డాబా ఎక్కించి కర్రతో బాదేది. ఆ దెబ్బలు విని, ఎవరినో చావగొడుతున్నారని కొత్తగా వచ్చినవాళ్ళు అడ్డుపడటానికి పరుగెత్తుకొచ్చేవారు. ఆపైన ఎర్ర ఇటుక ముక్కలు రోట్లో వేసి మెత్తగా దంచి, ఆ పొడితో గిన్నెలు, తలుపు గడియలు, కిటికీ చువ్వలు, చివరికి నీళ్ళ పంపు ముక్కు కూడా తోమేది. తల్లి నేర్పిన విద్య అది. దీవి మొత్తం మీద ఇంకా ఇటుక దంచే ఇల్లు అదొక్కటే. బజారులో డబ్బా పొడులు దొరుకుతాయి కదా అంటే, "వాటికి వాసనే గాని వాడి ఏది?" అనేది.

మొగుడు గడియారాలు బాగుచేసే మేస్త్రి. ముందుగదిలో బల్ల వేసుకుని, కంటికి అద్దం బిగించుకుని, నువ్వుగింజలంత చక్రాలతో కుస్తీ పట్టేవాడు. చీపురు చప్పుడు వినపడగానే తల ఎత్తకుండానే రెండు కాళ్ళూ పైకెత్తేవాడు. గడియారం ఇవ్వడానికి వచ్చినవాళ్ళూ ఆయన్ని చూసి కాళ్ళెత్తేవారు. ఎప్పుడూ ముక్కు చీదుతూ ఉండేవాడు. నూనె పడదని ఒకసారి, చలిగాలని ఒకసారి చెప్పుకునేవాడు.

చీపురమ్మకు తోబుట్టువులు ఇద్దరు. ఒక చెల్లెలు, అందరికంటే చిన్నవాడు తమ్ముడు. తల్లి పోయినప్పుడు తమ్ముడికి ఇంకా నడక రాలేదు. చీపురమ్మే చంకనేసుకుని పెంచింది. పెరిగి పెద్దవాడై వాడు పడవలో బొగ్గు వేసే పనికి కుదిరాడు. ఏళ్ళ తరబడి బాయిలరు ముందు నిలబడి నిలబడి, చివరికి వాణ్ణే బాయిలరని పిలవడం మొదలెట్టారు. పెళ్ళి మాటెత్తితే, "తిట్టడానికి ఇద్దరక్కలు చాలరా, ఇంకో మనిషి దేనికి?" అని తప్పించుకున్నాడు. పని మానేశాక బొగ్గురేవు వీధిలో చిన్నక్క ఇంట్లో చేరాడు. ఆ చిన్నక్క పడవల మీద కప్పే టార్పాలిన్లు కుట్టేది. ఆమె ఇంట్లో అడుగుపెడితే కాలికి సూది, చేతికి దారం. చీపురు మాత్రం ఆ ఇంట్లో ఉన్నట్టు చూసినవాళ్ళు లేరు. గుర్తొచ్చిన రోజున తడిగుడ్డతో నేలంతా ఒక్క తుడుపు తుడిచి, పెద్ద పని చేసినట్టు నడుం పట్టుకునేది.

బాయిలరుకు దగ్గు ముదిరింది. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, "నీ ఊపిరితిత్తులు కొలిమి తిత్తుల్లా ఉన్నాయయ్యా. మంచి గాలి ఉన్నచోటికి మారు. మారకపోతే నా మందుల వల్ల ఒరిగేదేమీ లేదు" అని నిక్కచ్చిగా చెప్పేశాడు.

ఆ మాట చెవిన పడ్డ పూటే చీపురమ్మ రిక్షా కట్టించుకుని బొగ్గురేవులో దిగింది.

"లేరా, పెట్టె సర్దు. ఈ బొగ్గుకొట్లో ఇంకొక్క పూట కూడా ఉండనివ్వను."

"బొగ్గుకొట్టేంటే అక్కా? నా ఇల్లు ఇది" అంది చెల్లెలు, నోట్లో దారం పెట్టుకునే.

"ఇల్లా! ఇంకా నయం, చెప్పావు కాబట్టి తెలిసింది."

తమ్ముడు మంచం దిగలేదు. "పెద్దక్కా, నీ ఇంట్లో దగ్గాలన్నా భయమే. దగ్గు కింద పడిందంటే ఊడ్చేస్తావు" అన్నాడు.

"పైగా నీ ఇంటికొచ్చి వెళ్ళినప్పుడల్లా వీడికి దగ్గు ఎక్కువవుతోంది. అది తెలుసా నీకు?" అని చెల్లెలు అందుకుంది.

"ఎక్కువ కాక? లోపలున్నదంతా నీ బొగ్గు! నా ఇంటి మంచి గాలి తగిలి బయటికి తన్నుకొస్తోంది!"

ఇలా ఇద్దరక్కలూ చెరో చెయ్యీ పట్టుకుని లాగుతుండగా, దీవిలోకి దుమ్మాయన దిగాడు.

దుమ్మాయనంటే దుమ్ము కొలిచే ఉద్యోగి. దీవిలో ఎక్కడి గాలిలో ఎంత నలుసుందో తేల్చమని పై ఆఫీసు పంపింది. బొగ్గురేవు దగ్గరొకటి, సంతలో ఒకటి, ఉప్పుమడుల దగ్గరొకటి, కొండవీధిలో ఒకటి చొప్పున నాలుగు యంత్రాలు పెడతానని, కరెంటు ఉన్న డాబాలు కావాలని మైకులో చెప్పించాడు. మైకు ఇంకా వీధి దాటకముందే అక్కచెల్లెళ్ళు ఇద్దరూ తమ డాబాలు ఇచ్చేశారు. ఆయన చాలా సంతోషించాడు. ఇంత సహకరించే జనాన్ని ఎక్కడా చూడలేదన్నాడు. పాపం, ఆయనకేం తెలుసు.

"ఏమీ లేదమ్మా. ఇది మనలాగే గాలి పీలుస్తుంది. పీల్చిన గాలిని లోపల ఈ తెల్ల కాగితం వడకడుతుంది. కంటికి ఆనని నలుసులన్నీ దీనికి అంటుకుంటాయి. వారం పోయాక తీసి తూకం వేస్తాం" అని చెప్పాడు.

అప్పుడు బాయిలరు ఇద్దరక్కలనూ కూర్చోబెట్టి తీర్పు చెప్పాడు. "ఎవరి డాబా మీద కాగితం తెల్లగా ఉంటే వాళ్ళింట్లో ఉంటాను. నల్లగా వచ్చినవాళ్ళు నోరెత్తకూడదు. ఇంక నన్ను పీక్కోకండి, పీక్కోవడానికి కూడా ఏమీ మిగల్లేదు."

చీపురమ్మ మురిసిపోయింది. కొండెక్కడ, బొగ్గురేవెక్కడ! ఇంటికెళ్ళి ముందుగదిలో తమ్ముడికి మంచం కూడా వేసేసింది.

యంత్రం డాబా ఎక్కింది. మూడు ఇనుప కాళ్ళ మీద పెట్టె, పెట్టె మీద గొడుగులాంటి టోపీ. పగలూ రాత్రీ గుర్రుమని ఒకటే గురక. "రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండమ్మా, దీన్ని ముట్టుకోకండి చాలు" అని చెప్పి దుమ్మాయన వెళ్ళిపోయాడు.

రోజూ ఎలా ఉంటారో అలాగే అంటే ఏమిటి? ఊడవమనే కదా! పైగా తమ్ముడి బతుకు ఆ కాగితం మీద ఉంది. అలాంటప్పుడు రోజూ ఊడ్చినంత ఊడిస్తే సరిపోతుందా? ఉదయం ఊడ్చిన డాబాను సాయంత్రం మళ్ళీ ఊడ్చింది. యంత్రం చుట్టూ మరీ శ్రద్ధగా, మూలలు వేలితో గీకి మరీ ఊడ్చింది. పరుపులతో ఆగక దిండ్లూ కంబళ్ళూ చాపలూ డాబా మీదికి తెచ్చి బాదింది. మెట్లెక్కి దిగడం కష్టమని రోటిని కూడా అక్కడికే ఎక్కించి, యంత్రం పక్కనే కూర్చుని ఇటుకలు దంచింది. ఆ పొడితో యంత్రం కాళ్ళు కూడా తళతళా తోమింది. ముట్టుకోవద్దన్నది పెట్టెనే కానీ కాళ్ళను కాదు కదా.

"ఇదిగో, అది దుమ్ము కొలుస్తోందే" అన్నాడు గడియారాల మేస్త్రి ఒకసారి, మెట్ల మీద నుంచి తల మాత్రం పైకి పెట్టి.

"కొలవనీండి. దుమ్ముంటేనే కదా దానికి కొలిచేది? దానికి పని లేకుండా చేస్తాను చూడండి!"

"అది కాదే, నువ్వు లేపుతున్న..."

"మీరు దిగండి. మీ కాళ్ళ దుమ్ము మెట్ల మీద పడుతోంది."

ఆయన చీదుకుంటూ దిగిపోయాడు.

వారం తిరిగింది. కాగితాలు తీసి, తూకాలు వేసి, పురపాలక కార్యాలయం గోడకు వరసగా అంటించారు. చీపురమ్మ కొత్త బట్టలు కట్టుకుని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, పెళ్ళిచూపులకు వెళ్ళినట్టు వెళ్ళింది. ఉప్పుమడుల కాగితం లేత బూడిదరంగులో ఉంది. సంతది అంతకంటే కాస్త ముదురు. బొగ్గురేవుది బూడిదరంగు మసిగుడ్డలా ఉంది. కొండవీధి కాగితం ఎర్రగా ఉంది. ఏదో ఒక మాదిరి ఎరుపు కాదు, కాల్చిన కుండలా ఎరుపు. తూకంలో కూడా నాలుగింటిలో మొదటి స్థానం దానిదే.

చెల్లెలు కాగితం దగ్గరికి వంగి చూసి మెల్లగా, "అక్కా, నీ గాలి సిగ్గుపడినట్టుంది" అంది.

"మిషను పాడైంది!"

"పాడు కాలేదమ్మా, మూడుసార్లు పరీక్షించాను. ఇది ఇటుక పొడి. కొండ మీద ఎవరో దొంగచాటుగా ఇటుకల బట్టీ నడుపుతున్నట్టున్నారు" అన్నాడు దుమ్మాయన, తల గోక్కుంటూ.

బట్టీ! చీపురమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "అదీ సంగతి! నా తమ్ముడి నోటి దగ్గరి గాలిలో మన్ను కొట్టినవాడెవడో ఇవాళ తేలాలి. పద నాయనా, నేను చూపిస్తాను. ఆ వీధిలో ఎవరెవరు ఎలాంటి మురికివాళ్ళో నా దగ్గర లెక్కలున్నాయి!"

ముందు చీపురమ్మ, వెనక దుమ్మాయన, ఆయన వెనక చెల్లెలు, చివర్లో ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ తమ్ముడు. ఇలా ఊరేగింపు కొండెక్కింది. మొదట రొట్టెలు కాల్చే అతని పొయ్యిలో తల పెట్టించింది. అక్కడ రొట్టెలే ఉన్నాయి. ఎదురింటివాళ్ళ కోళ్ళగూడు తీయించింది. కోళ్ళు బయటికొచ్చి దుమ్మాయన కాళ్ళకు అడ్డంపడ్డాయి. తాపీపని చేసేవాడు అప్పుడే నిద్రలేచి గుమ్మంలో నిలబడితే, "వీడే! మొహం చూస్తే తెలియడంలా?" అని కాలర్ పట్టుకోబోయింది. అతను పని లేక నెల్లాళ్ళుగా ఇంట్లోనే ఉన్నాడని అతని భార్యే చేతులు తిప్పుతూ, అతన్ని తిడుతూ చెప్పింది. ఆ తిట్లకు బట్టీ దొరకలేదు గాని, ఆ ఇంటి గుట్టు మాత్రం వీధిలో పడింది.

కొండకొనదాకా వెళ్ళి వచ్చారు. బట్టీ లేదు, పొగ లేదు. దుమ్మాయనకు ఆయాసం వచ్చింది. "రా నాయనా, మా డాబా మీద కూర్చుని గుక్కెడు నీళ్ళు తాగు. అక్కణ్ణుంచి వీధంతా కనబడుతుంది, దొంగ ఎక్కడికి పోతాడు?" అని పైకి తీసుకెళ్ళింది.

ఆయన పిట్టగోడ మీద చతికిలబడ్డాడు. నీళ్ళు తాగాడు. లేచి నిలబడి వీధివైపు తిరిగాడు. ఆయన తెల్ల ప్యాంటు వెనక రెండు చందమామలు ఎర్రగా ఉదయించాయి.

మొదట చూసింది చెల్లెలే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. కింద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. "బట్టీ దొరికిందండోయ్! బట్టీ దొరికింది!"

దుమ్మాయన తన వెనక చెయ్యి పెట్టి చూసుకున్నాడు. ఎర్రగా అంటింది. పిట్టగోడ మీద వేలు రాశాడు, ఎరుపే. యంత్రం దగ్గరికి నడిచి, పక్కనున్న రోటినీ రోకలినీ, రోట్లో సగం నలిగిన ఇటుకనూ చూశాడు. తర్వాత యంత్రం కాళ్ళ వైపు చూశాడు.

"అమ్మా, వీటికి ఆకుపచ్చ రంగు ఉండాలే?"

"పాచిలా కనబడితే గీకేశాను."

ఆయన ఏడవాలో నవ్వాలో తెలియక కాసేపు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఈ వైపు తిరిగాక మర్యాదగానే చెప్పాడు. "కొండ గాలిలో దోషం లేదమ్మా. మీరు ఊడ్చేది, బాదేది, దంచేది, అదంతా ఎక్కడికీ పోవడం లేదు. పైకి లేస్తోంది. పెద్ద నలుసు కింద పడి మళ్ళీ మీ చీపురుకే దొరుకుతుంది. సన్నది పడదు. తేలుతూ ఉంటుంది. ఎవరు పీలిస్తే వాళ్ళ లోపలికి పోతుంది."

"గురివింద గింజకి తన కింద నలుపు తెలియదంటారు గాని అక్కా, ఎరుపు కూడా తెలియదని ఇవాళే తెలిసింది" అంది చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ.

చీపురమ్మ తమ్ముడివైపు చూస్తోంది. వాడు నవ్వడం లేదు. మెట్ల మీద కూర్చుని, ఎర్రబడ్డ తన అరచేతిని చూసుకుంటున్నాడు.

"అయితే పెద్దక్కా, నీ ఇంటికొచ్చినప్పుడల్లా దగ్గు తన్నుకొచ్చేది..." అని అక్కడితో ఆపేశాడు. పెంచిన చెయ్యి కదా, మిగతా మాట నోట రాలేదు.

ఇదే సందని గడియారాల మేస్త్రి కింద నుంచి చీదాడు. "నేను కూడా ఉన్నానే లెక్కలో!" అన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళకు గుమ్మం లోపల ఆయన గొంతు పెంచడం అదే మొదలు.

చీపురమ్మ కొంగు దులపబోయి, మధ్యలో ఆగింది. "నాయనా, ఇంకోసారి పెట్టు ఆ పెట్టె" అంది దుమ్మాయనతో.

"పెట్టే తీరాలమ్మా, ఈ లెక్క పనికిరాదు. కానీ ఈసారి..."

"నోటితో చెప్పక్కర్లేదు. తెలిసింది."

తెలియడం వేరు, ఊరుకోవడం వేరు. మర్నాడు చీపురును చూస్తే చేతులు దురదపెట్టాయి. దాన్ని గుడ్డలో చుట్టి, చెల్లెల్ని పిలిపించి, "తీసుకుపో. నేను కాళ్ళు పట్టుకున్నా ఇవ్వకు" అని అప్పగించింది. చెల్లెలు దాన్ని బొగ్గురేవు వీధి పొడుగునా భుజాన వేసుకుని వెళ్ళింది. ఆమె ఇంటికి చీపురొచ్చిందని వీధంతా చూడటానికి వచ్చారట.

మర్నాడు అదే చెల్లెలు తడిగుడ్డ పని నేర్పడానికి వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చోవడం చీపురమ్మకు ప్రాణసంకటం.

"పిండక్కా. ఇంకా పిండు. గుడ్డను పిండమన్నాను, నన్ను తినేసేలా చూడమనలేదు."

"నాకు నువ్వు నేర్పాల్సిన రోజొచ్చిందే! ఇంక ఈ కళ్ళతో ఏం చూడాలో."

"ఇదిగో, ఆ మూల చూడు. వదిలేశావు."

ఆ మాట అక్కను అన్నందుకు చెల్లెలు ఎన్నాళ్ళు మురిసిపోయిందో చెప్పలేం.

పరుపులు బాదుడు ఆగింది. ఇటుకలు పెరట్లో గుట్టగా పడున్నాయి. పొద్దున్నే చప్పుళ్ళు లేకపోయేసరికి పక్కింటివాళ్ళు ఎవరైనా పోయారేమోనని పలకరించడానికి వచ్చారు. గడియారాల మేస్త్రి కాళ్ళు అలవాటు కొద్దీ వేళకు పైకి లేచేవి. చీపురు రాదు. ఆయన కాసేపు చూసి మెల్లగా దించేవాడు. ఓ పూట చీపురమ్మ ఆయన మొహంలోకి అనుమానంగా చూసింది.

"ఏమండీ, మీ ముక్కుకేమైంది?"

"ఏమీ కాలేదు. పనిచేస్తోంది."

కిటికీ అంచు మీద సన్నటి దుమ్ము పొర పేరుకుంది. ఆమె అటు వెళ్ళినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకుని, పడనివాళ్ళింటి ముందు నుంచి పోతున్నట్టు పోయేది.

రెండోసారి కాగితాలు గోడకెక్కాయి. ఈసారి ఆమె కొత్త బట్టలు కట్టలేదు, ముందు నడవలేదు. జనం వెనక నిలబడి తమ్ముణ్ణే చూసి రమ్మంది. వాడు చూసి వచ్చాడు. "మీగడ రంగులో ఉంది పెద్దక్కా. నాలుగింటిలోనూ అదే తెల్లన" అన్నాడు. బొగ్గురేవు కాగితం మళ్ళీ మసిగుడ్డే. చెల్లెలు దాని ముందు కాసేపు నిలబడింది. తర్వాత ఇంటికెళ్ళి తమ్ముడి పెట్టె తానే సర్దింది. చిరిగిన చొక్కాలన్నీ టార్పాలిన్ దారంతో కుట్టింది. "తీసుకుపోవే" అంది అక్కతో. "అన్నం తినేటప్పుడు వీడికి కబుర్లు కావాలి. నీకు తిట్లే వచ్చు. కబుర్లు కూడా కాస్త నేర్చుకో."

"నువ్వు రోజూ వచ్చి చెప్పు. నిన్నెవరు వద్దన్నారు?" అంది చీపురమ్మ. తన గుమ్మంలోకి చెల్లెల్ని చెప్పులు విప్పమనకుండా రమ్మన్నది అదే మొదటిసారి. చెల్లెలు ఆ సంగతి గమనించి కూడా ఊరుకుంది.

బాయిలరు కొండవీధికి మారాడు. ముందుగదిలో కిటికీ పక్క మంచం. మొదట్లో దగ్గాడు. తర్వాత తక్కువ దగ్గాడు. ఓ మధ్యాహ్నం అన్నం తిని, బావతో పాత పడవ కబుర్లు చెబుతూ చెబుతూనే నిద్రపోయాడు. ఎన్నో ఏళ్ళుగా కూర్చుని నిద్రపోవడానికి అలవాటు పడ్డ మనిషి, ఆ రోజు వెల్లకిలా పడుకుని, నోరు తెరుచుకుని, చిన్నపిల్లాడిలా నిద్రపోయాడు. బాయిలరు చప్పుడు చేయడం లేదు.

చీపురమ్మ వాడి మంచం కాళ్ళ దగ్గర కూర్చుని ఆ ఊపిరి వింటోంది. అప్పుడే తల ఎత్తింది. సరిగ్గా వాడి తల మీద, పైకప్పు మూలలో ఒక సాలెగూడు. గుప్పెడంత. మధ్యలో సాలెపురుగు కాలు మీద కాలేసుకుని ఇల్లుగలవాడిలా కూర్చుంది. ఆమె కుడిచెయ్యి దానంతటదే లేచింది. తడిగుడ్డ అంత ఎత్తుకు అందదు. అందాలంటే కర్రకు కట్టి దులపాలి. దులిపితే సూటిగా వాడి నోట్లోకే రాలుతుంది.

పైకి చూసింది. కిందకు చూసింది. లేచిన చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది.

తమ్ముడు ఒక కన్ను తెరిచాడు. పైన చూశాడు. అక్కను చూశాడు. భయంగా, "పెద్దక్కా, అక్కడ... సాలెగూడు" అన్నాడు.

"నాకూ కళ్ళున్నాయి. దాని ఇంట్లో అది కూర్చుంది, నీకేం నొప్పి? నోరు మూసుకుని పడుకో."